పాత బజారునకు క్రొత్త కట్టుబాట్లు

2025వ సంవత్సరము మే 18వ తేది ఆదివారమునాటి యుదయమున హైదరాబాదు నగరములో గుల్జారుహౌజు చెంతనున్న యొక పాత మేడలో నిప్పంటుకొని పదునేడుగురు మరణించిన వార్తను మన పాఠకులు మరచియుండరు. మృతులలో ఎనమండుగురు పసిబిడ్డలు. ఆ మేడ నూరేండ్లు దాటినది. వీథివైపున క్రింద దుకాణములు. వెనుకను మీదను కాపురము. లోనికి పోవుటకు సొరంగమువంటి నడవ యొకటి కలదు. దాని వెడల్పు రెండు మీటర్లు. మీది యంతస్తునకు పోవు మెట్లదారి వెడల్పు ఒక్క మీటరు. అంతకుమించి రాకపోకలకు మరియొక దారి లేదు. క్రింద పుట్టిన పొగ ఆ మెట్లదారినే పొగగొట్టముగా చేసికొని మీది గదులను నింపినది. వేసవి సెలవులకు వచ్చిన చుట్టములును పిల్లలును దిగివచ్చుటకు త్రోవ లేకపోయినది. వారిని చంపినది మంటకన్న పొగయే.

చార్మినారు ఆ యింటికి కూతవేటు దూరమున నున్నది. అనగా నగరమునకు నడిబొడ్డున, ప్రభుత్వమువారి కన్ను ఎల్లవేళల నుండదగిన చోట, దేశదేశముల యాత్రికులు వచ్చిపోవు బజారులో ఇట్టిది జరిగినది. ఇట్టి ఘోరములు జరిగినప్పుడెల్ల రెండు వాదములు వినవచ్చుచుండును. ఈ పాత యిండ్లన్నియు ప్రాణాంతకములు గనుక పడగొట్టి వీథులను వెడల్పు చేయవలయునని కొందరందురు. ఇవి పూర్వులిచ్చిన సొత్తు గనుక వీనిపై చేయి వేయరాదని కొందరందురు. ఈ యిరు పక్షములవారును ఆ యింటి మెట్లదారిని గూర్చి యాలోచించినట్లు మాకు తోచదు. పడగొట్టుమనువారు అచ్చట మరల లేచునది యెట్టిదై యుండునో చెప్పరు. ముట్టరాదనువారు లోపల కాపురమున్నవారు ఆపదవేళ దిగివచ్చుట యెట్లో చెప్పరు.

మా యభిప్రాయమున లోపము ఇంటియందెంత కలదో నిబంధనలయందును అంత కలదు. నగరపు నడిబజారునకు దానికి తగిన కట్టడపు నియమములు లేవు. ఊరి వెలుపల చెలకలను చదునుచేసి, గళ్లుగళ్లుగా గీచి, క్రొత్తగా ఇండ్లు కట్టుకొనువారిని దృష్టియందుంచుకొని వ్రాసిన నియమములే ఇచ్చటను కొలబద్దలైనవి. వానికి లొంగని చోట్ల పురావస్తుశాఖవారి నిషేధము వచ్చి కూర్చున్నది. ఈ రెండింటి నడుమ సామాన్యపు బజారు ఇల్లు అనాథవలె మిగిలినది.

ఆ బజారు ఎట్లు పుట్టినదో కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నిలిపినప్పుడు దానినుండి నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు సాగినవి. ఉత్తరమున నాలుగు కమానుల నడుమనున్న కూడలియే నేటి గుల్జారుహౌజు. ఆనాడు ఆ వీథులకొక కొలతయు, ఒక వరుసయు నుండెను. తరువాతి మూడువందల ఏండ్లలో గోడకు గోడ చేరి, సందులో సందు పుట్టి, ఆ వరుస చాలవరకు చెదరినది. 1908 సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి వేలకొలది జనమును పొట్టబెట్టుకొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పిలువబడి వచ్చి వరదల నరికట్టుటకును, మురుగునీరు పారుటకును పథకములు వేసియిచ్చిరి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ పథకముల ఫలములే. 1912లో సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు ఏర్పడినది. ప్లేగు దూరిన ఇరుకు బస్తీలను తొలగించుట, వెడల్పైన వీథులు తీయుట, ఇండ్లు పోయినవారికి ఇండ్లు కట్టించుట దాని విధులు. పడగొట్టుటలో ఆ బోర్డువారు చేయి వెనుదీసినవారు కారు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. ఐతే పడగొట్టిన చోట ఏమి నిలుపవలెనో వారికి ముందుగనే తెలిసియుండెను. పత్థర్‌గట్టి అట్లు పుట్టినది.

పత్థర్‌గట్టిని చూడనివారికై నాలుగు మాటలు చెప్పవలెను. నాలుగు కమానులనుండి మూసీవైపు పోవు రాజవీథికి ఇరుప్రక్కల రాతి కట్టడము, వరుసగా రాతి కమానులు, కమానుల లోపల నడుచువారికి నీడగల నడవ, నడవకావల దుకాణములు, వానిపైన మేడ. ఎవని దుకాణము ఎవనిదైనను వీథికి కనబడు ముఖము ఒక్కటే. ఎత్తు ఒక్కటే. ఇట్టి నడవయందు ఒక గొప్ప బేరము దాగియున్నది. నేలమీద కొన్ని యడుగుల చోటు బాటసారులకు విడువబడినది. దానికి మారుగా ఆ చోటిమీద కప్పు వేసికొను హక్కు కట్టడమునకు దక్కినది. ఎండకాలమున మిట్టమధ్యాహ్నము సైతము కొనుగోలుదారు ఆ నీడను పట్టుకొని ఒక కొననుండి మరియొక కొనకు నడచుటకు వీలైనది. నడచువాడు కొనును గనుక వర్తకునకు లాభము. ప్రజలకు మేలు చేయుమని యజమానిని బ్రతిమాలవలసిన పని లేక, ఆ మేలు అతని లాభముతోనే ముడిపడియున్నది. మంచి నియమమునకు ఇంతకంటె వేరు లక్షణము మాకు తెలియదు.

ఒక జడివాన దినమున మేము ఆ నడవలో తలదాచుకొనియుండగా ఒక ముదుసలి బట్టల వర్తకుడు కుర్చీ చూపి కూర్చుండబెట్టి, "అయ్యా, వాన పడినప్పుడే మాకు గిరాకి ఎక్కువ. తడవకుండ నిలువవలెనన్న ఇక్కడికే రావలెను గదా. ఊరికే నిలుచుండుటకు సిగ్గుపడి ఏదో యొకటి కొందురు" అని నవ్వెను. నగరనిర్మాణశాస్త్రమున పెద్ద పెద్ద గ్రంథములు వ్రాసినవారును ఈ సంగతిని ఇంత తేటగా చెప్పలేదు.

నేడా నడవ యెట్లున్నది? కమానుల నోళ్లకు అడ్డముగా ఇనుప తలుపులు. కమానుల నుదుళ్లపై ఒకదానినొకటి మించుచు నామఫలకములు. స్తంభములకు చుట్టుకొని నల్లని తీగెల కట్టలు. రాతిని తొలిచి బిగించిన ఏసీ పెట్టెలు, వానినుండి నీరు కారిన చారలు. కొన్ని చోట్ల నడవయే సరుకు గోదాము. వీనిలో ఒక్కటియు ఒక్కనాట చేసినది కాదు. ఒక్కరు చేసినదియు కాదు. అడుగువారు లేరని పొరుగువాడు చేసినదానిని తానును చేసెను, అంతియే.

ఇక ప్రస్తుతపు నిబంధనల సంగతి. 2006 మార్చిలో హైదరాబాదునకు వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, స్థలమునకు ఇన్ని రెట్లకు మించి కట్టరాదను పాత నిష్పత్తిని తొలగించినవి. అప్పటినుండి కట్టడపు ఎత్తును నిర్ణయించునవి ముఖ్యముగా రెండు: ముందరి రోడ్డు వెడల్పు, నలుప్రక్కల విడువవలసిన ఖాళీ. 2012నాటి నిబంధనలును ఆ మార్గముననే నడచినవి. పొలములలో లేచు క్రొత్త పేటలకు ఇది యెట్లుండునో అది వేరు చర్చ. నడిబజారున దీని ఫలితము విచారింపదగినది.

ఇరువదియడుగుల ముఖము, అరువదియడుగుల లోతు గల యొక బజారు స్థలము నూహింపుడు. మొత్తము పండ్రెండువందల చదరపుటడుగులు. ముందు అయిదడుగులును, ఇరుప్రక్కల మూడేసి యడుగులును విడువుమన్నచో కట్టుటకు మిగులునది పదునాలుగడుగుల వెడల్పు, ఏబదియైదడుగుల లోతు. అనగా ఏడువందల డెబ్బది చదరపుటడుగులు. మూడవ వంతునకు పైగా పోయినది! రద్దీ ప్రాంతములకును చిన్న స్థలములకును కొన్ని సడలింపులు గలవనుట సత్యమే. ప్రక్కలు విడువనక్కరలేని చోట్లు గలవు. కాని ముందు కొంత విడిచి వెనుకకు జరుగుమను మాట మాత్రము సాధారణముగా తప్పదు. ఆ జరుగుటయే పాత వీథికి చేటు. పాత యిల్లు కమాను వరుసలో నిలిచియుండును. ప్రక్కన క్రొత్తగా కట్టినది అయిదడుగులు వెనుకకు పోవును. దాని ప్రక్కది నియమము మీరి రెండడుగులు ముందునకు వచ్చును. వీథి పండ్లూడిన నోరువలె అగును. నీడగల నడవ అచ్చటచ్చట తెగిపోవును. విడిచిన ఆ అయిదడుగులైనను బాటసారికి దక్కునా? దక్కదు. మోటారు సైకిళ్లు నిలుచును, లేదా రేకుల పందిరి వేసి బల్లలు పరచుకొందురు.

రోడ్డు వెడల్పునుబట్టి ఎత్తు అనుటలోను ఒక చిక్కు కలదు. రోడ్డు వెడల్పు పెరిగినచో ఎత్తు కట్టుకొను హక్కు పెరుగును. కావున కోతపడునను భయముతోపాటు కోతవలన కలుగు లాభముపై ఆశయు యజమానిని పట్టుకొనును. ఇక 2017 డిసెంబరులో సవరించిన ఏర్పాటు ప్రకారము రోడ్డునకు స్థలము విడిచిన వానికి ఆ స్థలముపై కట్టుబడికి నాలుగు రెట్లు, అనగా 400 శాతము, వేరుచోట కట్టుకొనుటకో అమ్ముకొనుటకో హక్కుపత్రము లభించును. దీనినే టీడీఆర్ అందురు. వారసత్వపు కట్టడమును కాపాడుకొనువానికి ఇచ్చునది 100 శాతము. పాత యింటిని నరికించుకొన్నవానికి నాలుగు, నిలుపుకొన్నవానికి ఒకటి! ఇట్టి తూకము పెట్టి, పిదప మన జనులకు పురాతన వస్తువులపై ఆదరము లేదని నిందించుట యేమి న్యాయము?

కాపాడుటకు ఏర్పడిన నిబంధనల చరిత్రయు ముచ్చటైనది కాదు. 1981నాటి నగర మండలీకరణ నిబంధనలకు 1995లో వారసత్వ కట్టడముల రక్షణ నిమిత్తము 13వ నిబంధన చేర్చబడినది. దాని క్రింద నూటికి పైగా కట్టడములకు పట్టిక తయారైనది. విచారించుటకొక సంఘమును ఏర్పడినది. 2015 డిసెంబరులో ఆ నిబంధనను తొలగించిరి. 2017లో వారసత్వ రక్షణకు వేరుగా చట్టము వచ్చినది. 2019లో ఎర్రమంజిలు మహలును పడగొట్టి శాసనసభా భవనమును కట్టవలెనని మంత్రివర్గము నిశ్చయింపగా, ఆ సెప్టెంబరులో హైకోర్టువారు ఆ నిశ్చయమును కొట్టివేసిరి. మహలు నిలిచినది, సంతోషమే. కాని ఈ రచ్చ అంతయు మహళ్ల గూర్చి, దేవిడీల గూర్చి, పేరుగల కట్టడముల గూర్చి. మహలునకు వకీలు దొరకును. లాడ్‌బజారులో గాజుల దుకాణముపైన నున్న చెక్క వసారాకు వకీలెవడు? పట్టికలో చేరదగినంత ఘనత దానికి లేదు. కాని అట్టివి వంద చేరిననే గదా లాడ్‌బజారు అగుచున్నది!

కేంద్ర చట్టము మరియొక విధముగా వచ్చి పడినది. 2010లో సవరించిన పురాతన కట్టడముల చట్టముచే రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల క్రొత్త కట్టడము నిషిద్ధము. దానికావల రెండువందల మీటర్లు నియంత్రిత ప్రాంతము. చార్మినారు అట్టి రక్షిత కట్టడము. స్మారకము చుట్టును ఆకాశము తెరపియై యుండవలెననుట యుక్తమే. కాని ఈ నూరు మీటర్లు పొలము నడుమనున్న శిథిలాలయమునకును, వందల దుకాణములు చుట్టుముట్టిన చార్మినారునకును ఒక్కటే కొలత. మరమ్మతునకు సైతము దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూడవలెను. ఎదురుచూడలేనివాడు రాత్రికి రాత్రి పని ముగించును. అట్లు ముగించినదానికి ఇంజనీరు ఉండడు, అగ్నిమాపకదళమువారి చూపు ఉండదు, రెండవ మెట్లదారి అసలే యుండదు. నిషేధము కట్టడమును ఆపలేదు. మంచి కట్టడమును మాత్రమే ఆపినది.

దీనికి సరిగా ఎదురుగా నున్నది 2020నాటి టీఎస్-బీపాస్ చట్టము. 75 చదరపు గజములలోపు స్థలమున ఏడు మీటర్ల ఎత్తువరకు ఇల్లు కట్టుకొనువానికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొనిన చాలును. బీదవానికి కచేరీల చుట్టు తిరుగు బాధ తప్పినది. ఆ చట్టమును మేము మెచ్చుకొనుచునే యున్నాము. నియమములను పాటింతునని యజమాని తానే సాక్ష్యమిచ్చుకొనవలెను గాని వానినుండి అతనికి మినహాయింపేమియు లేదు. ఐనను పాత బజారున అనేక స్థలములు ఆ కొలతలోపలివే. అచ్చట వీథి ముఖమెట్లుండవలెనో చెప్పు నియమమే లేనప్పుడు దేనిని పాటింతునని సాక్ష్యమిచ్చుకొనును?

ఈ చిక్కు క్రొత్తది కాదు. నూరేండ్లకు పూర్వము మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పిలువగా పాట్రిక్ గెడ్డిసు అను స్కాట్లండు పండితుడు 1914లో మన దేశమునకు వచ్చెను. ఆయన ఓడకెత్తించిన నగరనిర్మాణ ప్రదర్శన వస్తుసంచయమంతయు, మదరాసుపై గుండ్లు కురిపించిన ఆ ఎండెను నౌకయే ముంచివేయగా సముద్రము పాలైనది. గెడ్డిసు వెనుదీయక క్రొత్తగా వస్తువులను సమకూర్చుకొని రాజధానిలోని పట్టణములను కాలినడకన చూచుచు నివేదికలు వ్రాసెను. ఆనాటి ఇంజనీర్ల పద్ధతి పటముపై రూళ్లకర్ర పెట్టి గీత గీయుట. గీతక్రింద పడిన ఇండ్లెన్నియో వారు లెక్కించుట లేదు. గెడ్డిసు పద్ధతి వేరు. వీథిలో నడచి, ఇల్లిల్లు చూచి, పాడుబడిన గోడ యెక్కడ, ఖాళీ పెరడు ఎక్కడ, బావి యెక్కడ, చెట్టెక్కడ అని గుర్తించి, అచ్చటచ్చట ఒక్కొక్క చెడిన ఇంటిని మాత్రము తీసివేసి గాలియు వెలుతురును దారియు కల్పించుట. శస్త్రవైద్యుడు అవయవమును నిలుపుటకు కత్తిపట్టునట్లు పట్టణమునందును పట్టవలెనని ఆయన మతము. దీనికి వ్యయము తక్కువ, నిరాశ్రయులగువారు తక్కువ. పిమ్మట 1920లో మదరాసు పట్టణ నిర్మాణ చట్టము వచ్చినది. సర్కారు జిల్లాల పురపాలక సంఘములు దాని క్రిందనే పథకములు వేసికొనినవి. చట్టము మిగిలినది గాని వీథిలో నడచి చూచు నలవాటు మిగులలేదు.

ఆ యలవాటును పునరుద్ధరించుటయే మేము కోరునది. నగరమంతటికి ఒక్క నియమము చాలదు. నడిబజారునకు వీథివారీ నియమము కావలెను. పత్థర్‌గట్టికొకటి, లాడ్‌బజారునకొకటి, చార్మినారునుండి శాలిబండకు పోవు వీథికొకటి. ఆ నియమము ముందు విడువుము అనుటకు మారుగా "ఈ గీతమీదనే కట్టుము, నడవను విడువుము, నడవమీద కట్టుకొనుము" అనవలెను. ఎత్తు రోడ్డు వెడల్పునుబట్టి కాక పొరుగు కమాను ఎత్తునుబట్టి నిర్ణయింపబడవలెను. నామఫలకము కమానులోపల పట్టునంతే యుండవలెను. ఏసీ పెట్టెలకును తీగెలకును వెనుకవైపు చోటు చూపవలెను. వాహనము నిలుపుకొనుటకు ప్రతి స్థలమునందును చోటు విడువుమనుట ఇచ్చట వెర్రితనము. దానికి మారుగా కొంత రుసుము తీసికొని బజారు వెలుపల అందరికి కలిపి ఒకచోట నిలుపుదల కట్టించుట మేలు. వీథిలో తోపుడుబండ్లవారి సంగతికి 2014నాటి కేంద్రచట్టమే మార్గము చూపినది. దాని ప్రకారము సంఘము కూర్చుండి చోట్లు నిర్ణయించిన చాలును.

వీనియన్నిటికంటె ముఖ్యము మెట్లదారి. గుల్జారుహౌజు మేడవంటి ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యున్నవి. ఒక్కొక్క ఇంటియందు రెండవ మెట్లదారి పెట్టుమన్నచో ఇరువదియడుగుల ముఖముగల ఇంటిలో అది సాధ్యము కాదు. సాధ్యము కాని ఆజ్ఞ లంచమునకు దారి. కాని రెండుమూడు ఇండ్లకు కలిపి వెనుకటి పెరటివైపు ఒక బయటి మెట్లదారి పెట్టుట సాధ్యము. మీది యంతస్తులో పొరుగింటి మిద్దెమీదికి తెరచుకొను తలుపు పెట్టుట సాధ్యము. కొన్నిచోట్ల పాడుబడిన యొక్క గదిని తీసివేసిన వెనుకటి సందులోనికి దారి యేర్పడును. గెడ్డిసు చెప్పిన శస్త్రవైద్యము సరిగా ఇదియే. ఐతే పొరుగు యజమానులు ఇరువురు కలిసి దరఖాస్తు పెట్టుకొనుటకు నేటి నిబంధనలు ప్రోత్సాహమీయవు. ఎవని స్థలము వానిది, ఎవని ఖాళీ వానిది, ఎవని పటము వానిది. ఉమ్మడి మెట్లదారికై చోటు విడిచిన యజమానులకు, రోడ్డునకు విడిచినవారికివలెనే నాలుగు రెట్ల హక్కుపత్రమిచ్చినచో ఎందరు ముందునకు రారు? ఇంటి పాత ముఖమును నిలుపుకొన్నవారికిని అట్లే ఇయ్యవలెను. అహమదాబాదులో పాత పోళ్లలోని ఇండ్ల యజమానులకు ఇట్టి హక్కుల నిచ్చు పద్ధతి కలదు. ఆ నగరము 2017లో ప్రపంచ వారసత్వ నగరమైనది.

ఇచ్చట మన పాఠకులలో స్థలములుగల పెద్దలు అడ్డుతగులుదురని ఎరుగుదుము. మా స్థలములో మేము కట్టుకొనుదానికి కమాను ఎత్తు నిర్ణయించుట కెవరికి అధికారమని అడుగుదురు. దానికి ప్రత్యుత్తరము వారి దస్తావేజులోనే కలదు. బజారు స్థలమునకు గజము ధర ఊరి వెలుపలి స్థలముకంటె ఎన్ని రెట్లున్నదో చూచుకొనుడు. ఆ యధికపు వెల ఆ మట్టికి వచ్చినదా? ఎదుటి వీథికి, ప్రక్క దుకాణమునకు, చార్మినారును చూడవచ్చు జనమునకు వచ్చినది. పదిమంది కలిసి పుట్టించిన వెలను ఒక్కడనుభవించుచు, ఆ పదిమందికి నీడనిచ్చు నడవను మాత్రము ఈయననుట పొసగదు. ఐనను వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. పాత బజారున అనేక దుకాణములు పగిడీ పద్ధతిమీద నడచుచున్నవి. ఏనాడో పెద్దమొత్తము చెల్లించి దూరిన కిరాయిదారు నేడిచ్చు అద్దె పేరునకు మాత్రమే. అద్దె రాని ఇంటికి యజమాని సున్నమైనను కొట్టించడు. పగిడీ కిరాయిదారు తనదికాని ఇంటికి రెండవ మెట్లు పెట్టించడు. ఇల్లు ఇరువురికిని చెందక పాడగును. మరమ్మతు వ్యయమును ఇరువురు పంచుకొని, పంచుకొన్నందుకు ఇరువురకు లాభము కలుగునట్లు ఏర్పాటు చేయనిదే ఏ వారసత్వ చట్టమును ఆ మిద్దెను నిలుపలేదు.

నియమమును వ్రాయు విధమును గూర్చి యొక మాట. ఇంతవరకు వచ్చిన నిబంధనలు ఇంగ్లీషున వ్రాయబడి, పట్టికలతోను ఉపనిబంధనలతోను నిండి, వకీళ్లకును ఆర్కిటెక్టులకును గాని అందనివై యున్నవి. తెలుగునకు తోడు ఉర్దూ 2017లో రాష్ట్రమంతట రెండవ అధికారభాషయైనది. పాత బజారు నియమమును తెలుగునను ఉర్దూనను వ్రాసి, వీథి బొమ్మ గీచి, ఏ కమాను వరకు ఎంత ఎత్తో ఆ బొమ్మమీద చూపి, ఆ ముసాయిదాను కచేరీ గోడకు కాక ఆ వీథిలోనే, ఆ కమానుక్రిందనే వ్రేలాడదీయవలెను. గాజుల దుకాణపు వాడు తన కమానును తాను గుర్తుపట్టి, ఇది తప్పని చెప్పగలిగిననాడే అభ్యంతరములు వినుట యనుదానికి అర్థము.

ఇదంతయు తీరికగా చేయవచ్చునని ప్రభుత్వమువారు తలంచినచో పొరబాటు. మహాత్మాగాంధి బస్సు నిలయమునుండి చాంద్రాయణగుట్టవరకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో రైలు మార్గము కొఱకు దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా పోవు రోడ్డును నూరడుగులకు పెంచుటకై వందలకొలది ఆస్తులు గుర్తింపబడినవి. చదరపు గజమునకు 81,000 రూపాయల లెక్కన పరిహారము నిశ్చయమై, 2025 జనవరిలో చెక్కులు పంచుట మొదలైనది. కూల్చుటయు మొదలైనది. కోతపడిన ఇంటి వెనుకటి సగము ముఖము లేక నిలుచును, యజమాని చేతిలో పరిహారపు సొమ్ముండును, మేస్త్రీని పిలుచును. ఆ మేస్త్రీ తాడు పట్టి గీత గీయునప్పుడు, ఈ వీథికి నడవ కలదా, కమాను ఎత్తెంత, రెండవ మెట్లు ఎచ్చట అని అడిగినచో చూపుటకు నగరపాలకుల చేత ఒక్క కాగితమైన నుండవలెను.